ట్రాస్టుజుమాబ్ ఖర్చు తట్టుకోలేకపోతున్నాం, దారి చెప్పండి

గోదారిగట్టు:
మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో పూర్తయ్యాయి. ఇక మీదట ఏడాది పాటు మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఇవ్వాలని డాక్టరు గారు చెప్పి, మొదటి డోసుకు వచ్చే గురువారం రమ్మన్నారు. ఆసుపత్రి వారిచ్చిన అంచనా కాగితంలో ఒక్కో సీసాకు యాభై వేలకు పైగా వేశారు. నిన్న సాయంత్రం నుంచి తెల్లవారే దాకా వెతికాను. ఒకచోట ఉచితమని, మరొకచోట సగం ధరకే వస్తుందని రాశారు గాని, ఎవరిని అడగాలో, ఏ కాగితం పట్టుకెళ్లాలో రాసినవారు ఒక్కరూ లేరు. తెలిసినవారు సూటిగా చెప్పండి. ధైర్యవచనాలు మాత్రం వద్దు, ఇప్పటికే చాలా విన్నాను.

క్లుప్తం:
ఏ రాష్ట్రపు కార్డు, వైద్యం ఏ ఊరిలో, ఏ కంపెనీ మందు, అమ్మగారి బరువెంత? ఇవేవీ చెప్పకుండా జవాబు అడిగితే ఎలా?

విశ్రాంత_ఉపాధ్యాయుడు:
నాయనా, ముందుగా ఈ ధరలు ఎందుకిలా ఉన్నాయో తెలుసుకోవాలి. 2012లో మన హైదరాబాదు నాట్కో సంస్థకు సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రల తయారీకి ప్రభుత్వం తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా తయారు చేసుకొనే అనుమతి, ఇచ్చినప్పుడు, నెలకు 2.8 లక్షల రూపాయలయ్యే మందు తొమ్మిది వేల లోపుకు దిగివచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న గ్లివెక్ అనే మరో క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు, పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(డి)ని నిలబెట్టి, పాత మందుకు కొత్త రూపం తొడిగి పేటెంటు పొడిగించుకొనే దారిని మూసింది. మీ అమ్మగారి మందుకు కూడా ఎన్నో జనరిక్‌లు ఉన్నాయి, జనఔషధి కేంద్రంలో అడిగి చూడండి.

మందుల_కొట్టు:
మాస్టారూ, చరిత్ర బాగానే ఉంది గాని, ఇది మాత్ర కాదు, జీవకణాల్లో పెంచి తీసే ప్రోటీను. దీనికి జనరిక్, అంటే అచ్చంగా అదే రసాయనంతో చేసిన నకలు, ఉండదు; బయోసిమిలర్, అంటే దాదాపు అలాగే పనిచేసే పోలిక మందు, ఉంటుంది. ఈ మందును హెర్సెప్టిన్ పేరుతో మొదట అమ్మిన రోష్ సంస్థ భారతదేశంలో దాని పేటెంటును 2013లో వదులుకొన్నాక, 2014లో బయోకాన్ తన బయోసిమిలర్‌ను తెచ్చింది. ఆ తరువాత మరికొన్ని కంపెనీలు వచ్చాయి.

గోదారిగట్టు గారూ, అంచనా కాగితంలో మందు పేరు పక్కన ఏ కంపెనీది రాశారో చూడండి. అది మూల కంపెనీ రోష్‌దైతే, బయోసిమిలర్‌కు మార్చవచ్చునా అని డాక్టరు గారినే అడగండి. సీసా మీద ముద్రించిన ఎమ్మార్పీకీ, మాకు పడే ధరకూ మధ్య చాలా ఎడం ఉంటుంది కాబట్టి, బేరం ఆడడానికి మొహమాటపడకండి. ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎల్‌ఎల్ నడిపే అమృత్ మందుల దుకాణాలలో కూడా ధర కనుక్కోండి. బయట కొన్న మందును వాడడానికి ఆసుపత్రి ఒప్పుకొంటుందా అన్నది మాత్రం కొనకముందే తేల్చుకోవాలి.

విశ్రాంత_ఉపాధ్యాయుడు:
పేరేదైతేనేం, పేటెంటు పోయిన మందును చౌకగా తయారు చేయడమే కదా.

మందుల_కొట్టు:
చీటీ మీద ఏ పేరు రాయించాలన్న దానికి ఈ తేడా అవసరమండీ. ఇక్కడితో వదిలేద్దాం.

ఓరుగల్లు_అక్క:
మా పెద్దమ్మకు ఇదే మందు ఇప్పించాం కాబట్టి ఒక విషయం చెబుతాను, తమ్ముడూ. మొదటి డోసు కిలోకు 8 మిల్లీగ్రాములు, ఆ తరువాతవి 6 చొప్పున ఇస్తారు. యాభై అయిదు కిలోల మనిషికి మొదటిసారి 440 మిల్లీగ్రాముల సీసా సరిగ్గా సరిపోతుంది, తరువాత 330 చాలు. మిగిలిన 110ని పారబోసి మళ్లీ కొత్త సీసాకు బిల్లు వేసే చోట్లు ఉన్నాయి. నిల్వ ఉంచే గుణమున్న ద్రావకం పెట్టెలోనే వచ్చే 440 సీసాలను, ఆ ద్రావకంతోనే కలిపితే, 2 నుంచి 8 డిగ్రీల చలిలో 28 రోజుల వరకు వాడవచ్చని కరపత్రంలో ఉంటుంది. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులే కదా! ఆ లెక్కన పద్దెనిమిది డోసులకు పద్నాలుగు సీసాలు సరిపోతాయి. మామూలు శుద్ధజలంతో కలిపితే ఇది కుదరదు, ఇంటి ఫ్రిజ్‌లో అసలే పెట్టకూడదు. ఆసుపత్రి ఫార్మసీలోనే మీ అమ్మగారి పేరు, కలిపిన తేదీ రాసి ఉంచుతారేమో ముందే మాట్లాడుకోండి.

ప్రవాస_పాఠకుడు:
ఏడాదికి బదులు ఆరు నెలలు చాలునా అని కూడా డాక్టరును అడగవచ్చు. బ్రిటన్‌లో నాలుగు వేల మందికి పైగా స్త్రీలతో జరిగి, 2019లో లాన్సెట్‌లో వెలువడిన పెర్సెఫొనీ అధ్యయనం, ఆరు నెలల చికిత్స ఏడాది చికిత్సకు తీసిపోదని తేల్చింది.

క్లుప్తం:
ఇదే ప్రశ్న మీద ఫ్రాన్సులో జరిగిన ఫారె అధ్యయనం అలా తేల్చలేకపోయింది. సగం చెప్పి భయపడే కుటుంబానికి ఆశ పెట్టకండి.

ప్రవాస_పాఠకుడు:
అడగమన్నాను గాని, ఆపమనలేదు.

గోదారిగట్టు:
అందరికీ కలిపి జవాబిస్తున్నాను. అమ్మ బరువు యాభై ఎనిమిది కిలోలు. కార్డు ఆంధ్రప్రదేశ్‌ది, మా సొంతూరు నిడదవోలు దగ్గర. వైద్యం హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. నేను బెంగళూరులో పనిచేస్తున్నాను, మా కంపెనీ బీమాలో అమ్మ పేరు ఉంది గాని, ఇరవై నాలుగు గంటలు చేరి ఉంటేనే వర్తిస్తుందని ఎవరో అన్నారని దాని జోలికి వెళ్లలేదు.

క్లుప్తం:
బీమా సంగతి మొదటే చెప్పవలసింది.

ఓరుగల్లు_అక్క:
ఆ మాట ఎవరన్నారో గాని, పట్టించుకోకండి. డే కేర్ చికిత్సకు ఇరవై నాలుగు గంటల నియమం లేదు. పైగా బీమా నియంత్రణ సంస్థ 2019లో పన్నెండు ఆధునిక చికిత్సలను పాలసీల నుంచి మినహాయించరాదని చెప్పింది. ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీలు, అంటే ఒకే లక్ష్యానికి అతుక్కొనేలా తయారు చేసిన ప్రోటీన్లు, వాటిలో ఉన్నాయి, మీ మందు ఆ కోవలోదే. ఆ చికిత్సకు ఇంతే ఇస్తామని ఉపపరిమితి పెట్టవచ్చు కాబట్టి పాలసీ కాగితంలో ఆ వరుస వెతకండి. గురువారం లోపే ఆసుపత్రి బీమా డెస్కు ద్వారా ముందస్తు అనుమతికి పంపించండి. బయాప్సీ నివేదికలో హెర్-2 (ఈ మందు పనిచేసేది ఆ ప్రోటీను మీదే) మూడు ప్లస్ అని ఉండాలి, రెండు ప్లస్ అయితే దాన్ని జన్యుస్థాయిలో ఖాయం చేసే ఫిష్ (FISH) పరీక్ష కాగితం అడుగుతారు. గుండె ఎకో నివేదిక కూడా జతచేయండి.

బీమా చాలకపోతే, ఆ ఆసుపత్రి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవ జాబితాలో ఉందేమో ఆ పథకపు సహాయకుడైన ఆరోగ్యమిత్రను అడగండి, హైదరాబాదులో కూడా కొన్ని ఉన్నాయి. ఈ మందుకు అనుమతి ఉందా లేదా అన్నది నోటిమాటగా కాక రాతపూర్వకంగా తీసుకోండి. ముఖ్యమంత్రి సహాయనిధికి మీ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టడానికి అసలు బిల్లులు అవసరమవుతాయి, ఒక్కటీ పారేయకండి.

మందుల_కొట్టు:
చౌకగా ఇప్పిస్తామనే వాట్సాప్ ఏజెంట్ల దగ్గర మాత్రం కొనకండి. ఖాళీ సీసాలలో ఫంగస్ మందు నింపి క్యాన్సర్ మందుగా అమ్మిన ముఠాను 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకొన్నారు. సీసా ఖాళీ కాగానే లేబుల్‌ను చింపమని నర్సుకు చెప్పండి.

విశ్రాంత_ఉపాధ్యాయుడు:
ఇందుకే నేను చట్టం సంగతి ముందుగా ఎత్తాను.

గోదారిగట్టు:
అనుమతి కోసం కాగితాలు పంపించాను. ఎకో నివేదిక పాతదైందని కొత్తది తీయించమన్నారు, రేపు తీయిస్తాం. అందరికీ ధన్యవాదాలు.

క్లుప్తం:
బీమా వారు ఎంత కోత పెట్టారో వచ్చి రాయండి, వెనకాల వచ్చేవారికి పనికివస్తుంది.