పదునైన రాళ్ల దారిలో వెనుక టైరు పదే పదే కోసుకుపోతోంది

మౌంటెన్ బైక్ రేసులకు వాడుతున్నవి 29 అంగుళాల చక్రాలు, 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు. నా బరువు 72 కిలోలు. గాలి ముందు 22, వెనుక 25 పీఎస్‌ఐ. గత మూడు రేసుల్లో రెండుసార్లు వెనుక టైరే పోయింది. ముల్లు గుచ్చినట్టు కాదు, రిమ్ముకు వేలెడు పైన, టైరు పక్కభాగంలో బ్లేడుతో కోసినట్టు సెంటీమీటరు గాటు. టైరు లోపల పోసే, రంధ్రాలు పూడ్చే ద్రవం (సీలెంట్) బుసబుసమని బయటికి చిమ్మిందే తప్ప గాటు మూసుకోలేదు. గాటులో దూర్చే రబ్బరు ముక్క (ప్లగ్) పెడితే పది నిమిషాల్లో ఊడింది.

గాలి 28కి పెంచి చూశాను, రాళ్ల మీద బైకు బంతిలా ఎగిరింది. లోపల ఫోమ్ ఇన్సర్ట్ వేస్తే రిమ్ముకు దెబ్బలు తగ్గాయి గానీ గాట్లు ఆగలేదు.

ఇప్పటి టైరు 750 గ్రాములు. పక్కలు దళసరిగా ఉన్నది 1,000 దాకా ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ పావు కిలో కాళ్లకు తెలుస్తుంది. ముందు టైరుకు ఇంతవరకు గీత కూడా పడలేదు.

ఇలాంటి రాళ్ల మీద రేసులు చేసినవారు చెప్పండి: దళసరి టైరు వెనుక ఒక్కదానికి వేస్తే చాలా, ముందుదీ మార్చాలా?