‘రెడ్ టైడ్’ని ‘ఎర్ర పోటు’ అనవచ్చా?

ప్రశ్న: ఫ్లోరిడాలో ఉండే మా అక్క “ఇక్కడ రెడ్ టైడ్ వచ్చింది, బీచ్‌కి వెళ్తే ఒకటే దగ్గు” అని మెసేజ్ పెట్టింది. దీన్ని ‘ఎర్ర పోటు’ అనవచ్చా? ఆటుపోట్లలో పోటు ఉంది కదా!

జవాబు: వినడానికి బాగానే ఉందండీ. కానీ పోటు రోజూ వచ్చి పోయేది. రెడ్ టైడ్ అంటే సముద్రపు నీటిలో కంటికి కనిపించని నాచులాంటి జీవులు విపరీతంగా పెరిగిపోవడం. ఇది పట్టుకుంటే నెలల తరబడి వదలదు. ఫ్లోరిడాలో 2017 చివర్లో మొదలైనది 2019 దాకా సాగింది. ఇక ‘ఎర్ర’ మాటకొస్తే అదీ అనుమానమే. నీళ్లు ఒక్కోసారి ఇటుకరంగులో ఉంటాయి, ఒక్కోసారి మామూలుగానే ఉండి చచ్చిన చేపలు తేలాకే సంగతి బయటపడుతుంది. అంటే ఇంగ్లిష్ పేరే రెండు విధాలా తప్పు. దాన్ని తెచ్చి తెలుగులో నిలబెట్టడం దేనికి?

అక్కడ ఈ పని చేసేది కరీనియా బ్రెవిస్ అనే ఏకకణజీవి, డైనోఫ్లాజెల్లేట్ల జాతిది. సైజు మిల్లీమీటరులో యాభయ్యో వంతు, మహా అయితే పాతికో వంతు. దీనికి రెండు కశాభాలు, అంటే కొరడాల్లాంటి తోకలు. ఒకటి నడుము చుట్టూ ఉన్న గాడిలో అలలా ఆడుతుంది, రెండోది వెనక్కి సాగి ఉంటుంది. ఆ రెండింటి జోరుకి కణం బొంగరంలా తిరుగుతూ గంటకి మీటరు దాకా ఈదుతుంది. డైనో అన్నది ఆ గిరగిరా తిరగడమే, గ్రీకు మాట. డైనోసార్‌లో ఉన్న డైనో వేరు, అది ‘భయంకరం’. ఫ్లాజెల్లమ్ అంటే లాటిన్‌లో కొరడా. మన బోటనీ పుస్తకాల్లోని కశాభంలో ఉన్న ‘కశ’ కూడా కొరడానే.

కరీనియా అన్నది కారెన్ స్టైడింగర్ అనే ఫ్లోరిడా శాస్త్రవేత్త పేరు మీద 2000లో పెట్టింది. 1948లో పెట్టిన పాతపేరు జిమ్నోడినియం బ్రెవే.

ఇంకొకరు: అంతా బాగుంది గానీ మాష్టారూ, నీళ్లలో ఉన్నదానికి ఒడ్డున దగ్గెందుకు?

జవాబు: ఈ కణానికి పైన గట్టి కవచం లేదండీ. అలల తాకిడికి చితికిపోతుంది. లోపలి బ్రెవెటాక్సిన్ అనే విషం నీటి తుంపర్లతో గాల్లోకి లేస్తుంది, అది పీలిస్తే దగ్గు. నరాల్లో సోడియం వెళ్లే మార్గాలు పని అయ్యాక మూసుకోవాలి, ఈ విషం వాటిని మూసుకోనివ్వదు. చేపలు చచ్చేది అందుకే. ఆల్చిప్పలకి మాత్రం ఏమీ కాదు, విషాన్ని ఒంట్లో దాచుకుని తిన్నవాళ్లకి అంటగడతాయి. వండినా అది పోదు. లీటరు నీటిలో 5,000 కణాలు దాటితే అక్కడ ఆల్చిప్పల వేట ఆపేస్తారు.

మరొకరు: ‘శైవల మంజరి’ అంటే పోలా?

జవాబు: శైవలం అంటే నాచు, మంజరి అంటే పూలగుత్తి. చేపల్ని చంపేదానికి అంత ముద్దుపేరా! నన్నడిగితే ‘విషనాచు పొంగు’ నయం. నాచు అనగానే రాళ్లమీది జారుడు పాకుడు గుర్తొస్తుందనే అభ్యంతరం ఉంది, ఒప్పుకుంటాను. అయినా పొంగు అన్నప్పుడు పెరిగి మీదికొచ్చేదేదో ఉందని తెలుస్తుంది, పోటులో అది లేదు.

ప్రశ్న అడిగినవారు: ఇంతకీ అక్కకి ఏమని రాయను?

జవాబు: రెడ్ టైడ్ అనే రాయండి. సముద్రం మీంచి ఒడ్డుకి గాలి వీచే రోజుల్లో బీచ్‌కి వెళ్లొద్దనండి, ఇంట్లో ఆస్తమా వాళ్లుంటే మరీను. ఒడ్డున ఏరిన ఆల్చిప్పలు మాత్రం అస్సలు వండొద్దని చెప్పండి.