లాటిన్ రూట్స్ బట్టీ పడితే ఇంగ్లీషు పదాలు వస్తాయా?

ప్రశ్న:
పోటీ పరీక్షకు చదువుతున్నాను. వొకాబులరీ అంటేనే టెన్షన్. లాటిన్ రూట్స్ పట్టిక ప్రింటు తీసుకుని బట్టీ పడుతున్నాను. 'స్పెక్ట్' అంటే చూడటం, 'పోర్ట్' అంటే మోయడం, 'రప్ట్' అంటే పగలడం. గడగడా అప్పజెప్పగలను. తీరా కొత్త పదం ఎదురైతే రూటు ఎక్కడుందో కనిపించదు. నిన్న 'పర్‌స్పికేషస్' చూస్తే 'స్పెక్ట్' గుర్తే రాలేదు. ఈ పట్టిక పూర్తి చేయనా, మానేయనా?

జవాబు 1:
నేనైతే రూట్స్ జోలికే పోలేదు. బాగా చదవండి. ఒకే పదం నాలుగు చోట్ల తగిలితే దానంతటదే నిలుస్తుంది.

జవాబు 2:
ఇంగ్లీషు పాఠాలు చెబుతుంటాను. పట్టికను పక్కన పెట్టండి, రూట్స్‌ని మాత్రం వదలొద్దు. మీకు వచ్చిన మాటలతోనే మొదలుపెట్టండి. 'ఇంటరప్ట్' తెలుసు కదా? 'ఇంటర్' అంటే మధ్యలో, 'రప్ట్' అంటే తెగడం. మాటను మధ్యలో తెగ్గొట్టడం. 'ఎరప్ట్' బద్దలై బయటికి రావడం. ఈ రెండూ చేతిలో ఉంటే 'అబ్రప్ట్' ఎదురైనప్పుడు, ఠక్కున తెగిపోయినట్టు ఉండేదని సులువుగా తడుతుంది.

ఇక రూటు కనిపించకపోవడానికి కారణం సంధి! ఉత్ + లేఖనం 'ఉల్లేఖనం' అయినట్టే, ఇన్ + లీగల్ 'ఇల్లీగల్' అయింది. 'ఇంపాసిబుల్', 'ఇర్రెగ్యులర్' కూడా ఆ 'ఇన్' వేషాలే. 'అడ్' అనే ఉపసర్గ 'అట్రాక్ట్', 'అఫర్మ్', 'అలొకేట్'లలో పక్క అక్షరంలో కలిసిపోయింది. స్పెల్లింగులో అక్షరం రెండుసార్లు పడేది అందుకే. ఇది పట్టుకున్న పిల్లలకు స్పెల్లింగులు కూడా కుదురుకోవడం చూశాను, చాలా సంతోషమేస్తుంది.

ముందు ఉపసర్గ చేరితే లాటిన్ ధాతువులో ఒక్కోసారి అచ్చు కూడా మారుతుంది. 'క్యాప్చర్'లో ఉన్న ధాతువే 'యాక్సెప్ట్'లో 'సెప్ట్', 'రెసిపియెంట్'లో 'సిప్'. అలాగే 'స్పెక్' కాస్తా 'స్పిక్' అయింది. 'పర్' అంటే గుండా. లోపలిదాకా చూడగలిగినవాడు 'పర్‌స్పికేషస్'.

అయితే రూటు తెలిసినంత మాత్రాన అర్థం తేల్చేయకండి. 'హృ' ధాతువు ఒక్కటే, దాంట్లోంచే ఆహారం, విహారం, సంహారం వచ్చాయి. ధాతువు చూసి వీటి అర్థాలు ఎవరు ఊహించగలరు? 'ఇన్‌ఫ్లేమబుల్' మరీ ప్రమాదం. అంటుకోనిది అనిపిస్తుంది, నిజానికి ఇట్టే అంటుకునేది. అక్కడి 'ఇన్' కాదనే 'ఇన్' కాదు. ముందు ఊహించండి, వెంటనే నిఘంటువు తెరవండి, ఆ పదమున్న వాక్యం ఒకటి రాసుకోండి.

జవాబు 3:
సంస్కృత పదాలూ పనికొస్తాయి. 'డెంటిస్ట్'లో దంతం, 'ఇగ్నైట్'లో అగ్ని, 'సర్పెంట్'లో సర్పం. లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబం కదా.

ప్రశ్న అడిగినవారు:
సంధి అనగానే ఎంత తేలికైందో! 'కాన్‌స్పిక్యువస్', 'డెస్పికబుల్' రెండిట్లోనూ 'స్పిక్' దొరికింది. ఇంకొక్క సందేహం. 'పెడెస్ట్రియన్'లో 'పెడ్' అంటే పాదం. మరి పిల్లల డాక్టరు 'పీడియాట్రిషన్'లో కూడా పాదమేనా?

జవాబు 2:
కాదండీ. అది గ్రీకు మాట, బిడ్డ అని అర్థం. 'పెడల్', 'పెడెస్ట్రియన్' లాటిన్‌వి. అమెరికన్ స్పెల్లింగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. బ్రిటిష్ స్పెల్లింగులో గ్రీకుదానికి 'పి' తర్వాత 'ఏ', 'ఈ' రెండూ రాస్తారు కాబట్టి తేడా తెలుస్తుంది.