ప్యానెళ్లకు సబ్సిడీ ఇచ్చి సోలార్ వాటర్ హీటర్‌ను వదిలేయడం సమంజసమేనా?

చర్చ ప్రారంభించినవారు, హనుమకొండ:
2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకునేవారికి మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, వెరసి 78,000 రూపాయల దాకా కేంద్రం ఇస్తోంది. నీళ్లు కాచే సోలార్ హీటర్లకు గతంలో ఇచ్చిన కేంద్ర సబ్సిడీ మాత్రం 2014లోనే ఆగిపోయింది. నలుగురున్న ఇంట్లో వంద లీటర్ల నీటిని 35 డిగ్రీల మేర వేడి చేయడానికి గీజరుకు సుమారు నాలుగు యూనిట్లు కావాలి; ఒక కిలోవాటు ప్యానెలు రోజంతా ఎండలో నిలిచి ఇచ్చేదీ దాదాపు అంతే. ఎండను కరెంటు చేసి, ఆ కరెంటును మళ్లీ వేడి చేయడం, ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చేయి తిప్పి చూపినట్టు లేదా?

విజయవాడ నుంచి:
మాస్టారూ, మీ లెక్క తప్పనను గానీ అది చలికాలపు లెక్క. మా ఊళ్లో మే నెలలో కుళాయి తిప్పితే చేయి కాలుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరికే పడి ఉండే పరికరానికి ప్రజాధనం ఎందుకు? అదే ప్యానెలైతే ఎండాకాలంలో ఏసీకి అక్కరకొస్తుంది, మిగిలిన కరెంటు, ఇచ్చినదీ వాడుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కు పోతుంది. పైగా బోరు నీటి ఉప్పు పేరుకుని మా హీటరు గొట్టాలను నాలుగేళ్లకే మార్చవలసి వచ్చింది.

హైదరాబాద్ నుంచి:
మీరిద్దరూ సొంత డాబా ఉన్నవారిగానే మాట్లాడుతున్నారు. అద్దె ఫ్లాటులో ఉండే నాకు ఈ రెండూ అందవు. అపార్ట్‌మెంటు సంఘాలకు లిఫ్టు, మోటార్ల వంటి ఉమ్మడి అవసరాల కోసం కిలోవాటుకు 18,000 ఇస్తున్న మాట నిజమే, కానీ నా మీటరుకు దానితో సంబంధం లేదు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల వరకు బిల్లే రాదు కనుక, చిన్న వాడకందారుకు ప్యానెలు పెట్టే అవసరమూ కనిపించదు. ఇక 78,000 ఎక్కువగా ఎవరికి చేరుతుందో ఆలోచించండి.

చర్చ ప్రారంభించినవారు:
అద్దె ఇళ్ల సంగతిలో నా దగ్గర జవాబు లేదు. కోస్తా వాతావరణం గురించి విజయవాడవారు చెప్పినదీ ఒప్పుకుంటాను. అయితే నెట్ మీటర్ ఒక విషయాన్ని కప్పిపుచ్చుతోంది. గీజర్లు నడిచేది తెల్లవారుజామున, ప్యానెళ్లు పండించేది మిట్టమధ్యాహ్నం. బిల్లులో రెండూ ఒకే యూనిట్‌గా చెల్లిపోతున్నా, చలికాలపు ఉదయం అందరూ ఒక్కసారి స్విచ్చి వేసినప్పుడు ఆ కరెంటును ఎక్కడి నుంచో తేవలసింది కరెంటు పంపిణీ సంస్థ అయిన డిస్కమే. హీటరు ట్యాంకు మాత్రం నిన్నటి ఎండను ఈ పొద్దుటి స్నానానికి దాచి ఉంచుతుంది. కర్ణాటకలో హీటరు ఉన్న ఇళ్లకు యూనిట్‌కు 50 పైసలు, నెలకు 50 రూపాయలకు మించకుండా బిల్లులో తగ్గించే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. నేనడిగేది 78,000 కాదు. ఆదిలాబాద్, అరకు వంటి చలి ప్రాంతాల్లోనైనా అంతపాటి తగ్గింపు.