కొండ మీద గుర్రాలన్నిటికీ ఒకేసారి నట్టల మందు వేయాలా?

కొండదారి:
మా గుంపులో గొడవ తేలడం లేదు. రెండు నెలలకోసారి అన్ని గుర్రాలకూ నట్టల మందు వేయాలని కొందరు, లద్ది పరీక్షలో గుడ్లు ఎక్కువగా కనబడ్డ వాటికే చాలని కొందరు. పైన మేత కాలమే తక్కువ, తర్వాత అంతా మంచు. ఆ చలికి నట్టలు చావవా?

రౌతు:
అన్నిటికీ వేసేయండి. లద్ది డబ్బాల్లో పెట్టుకుని కొండ దిగి ల్యాబ్‌కి ఎవరు మోస్తారండీ? పైగా నాలుగైదు మందలు ఒకే బయలులో మేస్తాయి. మన గుర్రం ఒక్కటీ బాగుంటే ఏం లాభం?

లద్దిపరీక్ష:
మంచును నమ్ముకోవద్దు. గడ్డకట్టే చలిలో గుడ్డు పొదగదు, నిజమే. కానీ అప్పటికే మూడో దశకు, అంటే గుర్రానికి సోకే దశకు చేరిన స్ట్రాంగైల్ (ఒక రకం పేగు నట్ట) లార్వా, అంటే పిల్లపురుగు, మంచు కిందే చలికాలం గడిపేస్తుంది. దానికి పడనిది ఎండ, పొడి. ఏలికపాము గుడ్డు ఇంకా మొండిది, మందపాటి పెంకుతో మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇక మందు. పెద్ద గుర్రాల్లో సుమారు 20 శాతమే 80 శాతం గుడ్లు విడుస్తాయి. అన్నిటికీ వేస్తూ పోతే చివరికి మిగిలేవి మందుకు లొంగని నట్టలే. ఏలికపాములకు ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు పనిచేయడం లేదని 2002 నుంచే చెబుతున్నారు.

గుర్రప్పిల్లల సంగతి మాత్రం వేరు. ఏలికపాము గుడ్డు మింగాక పది వారాలు దాటితే గానీ లద్దిలో గుడ్లు కనబడవు. ఈలోగా లార్వా కాలేయం, ఊపిరితిత్తులు తిరిగొస్తుంది. దగ్గితే మనం జలుబనుకుంటాం! వాటికి రెండు మూడు నెలల వయసులోనే మొదటి డోసు పడాలి. అయితే కడుపునిండా పాములున్న పిల్లకు వాటిని ఒక్కసారిగా చచ్చుబడేసే మందు వేస్తే అవన్నీ ఉండకట్టి పేగుకు అడ్డంపడొచ్చు. ఏ మందన్నది డాక్టర్‌నే అడగండి.

రౌతు:
డెన్మార్క్‌లో 1999 నుంచి డాక్టర్ చీటీ ఉంటేనే నట్టల మందు. పరీక్ష చేసి వేసే పద్ధతి ఉన్న ఫారాల్లో పెద్ద స్ట్రాంగైల్ మళ్లీ ఎక్కువగా కనబడిందట కదా? దాని లార్వా పేగులకు వెళ్లే రక్తనాళాన్నే పాడుచేస్తుంది. దాని గుడ్డుకీ చిన్న స్ట్రాంగైల్ గుడ్డుకీ మైక్రోస్కోపులో తేడా కూడా తెలియదు.

లద్దిపరీక్ష:
అది ఒప్పుకుంటాను. అందుకే పరీక్షలో గుడ్ల లెక్క ఎంత వచ్చినా ఏడాదికి ఒకటి రెండుసార్లు అన్నిటికీ వేయాలి. ఆపైన వేసే డోసులకే పరీక్ష. మందు వేసిన వెంటనే కొత్త బయలుకు మాత్రం తోలకండి, అక్కడ పడే గుడ్లన్నీ మందును తట్టుకున్న నట్టలవే అవుతాయి. ఇంతకీ డోసు ఏ బరువుకు వేస్తున్నారు?

కొండదారి:
కంటి అంచనాతోనే. ఛాతీ కొలిచి బరువు చూసే టేపు ఉందిగానీ ఎప్పుడూ తీయలేదు.