న్యూయార్క్‌లో 311కి హీట్ కంప్లైంట్ ఇస్తే ఓనర్‌కి మన పేరు తెలుస్తుందా?

క్వీన్స్_కొత్త:
అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో క్వీన్స్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, నాలుగు రోజుల నుంచి హీట్ లేదు, రేడియేటర్ ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలా ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మ రెండు స్వెటర్లు, మంకీ క్యాప్ వేసుకుని సోఫా దిగట్లేదు. బిల్డింగ్ సూపర్‌ని (రిపేర్లు, మెయింటెనెన్స్ చూసే మనిషి) అడిగితే రేపు అంటాడు, ఆ రేపు రాదు. కొలీగ్ సిటీ వాళ్ళ హెల్ప్‌లైన్ 311కి చెయ్యమంది. పోలీసులు గానీ వస్తారా? పేరు బయటికెళ్తే లీజ్ రెన్యూ చెయ్యరేమో అని మా ఆయన భయం. కాల్ చెయ్యాలా, యాప్ చాలా?

చలిపులి:
పోలీసులు రారండి. ప్రాణం మీదకొస్తే 911, గుంతలు చెత్త హీట్ లాంటివాటికి 311. గ్యాస్ వాసన వస్తే మాత్రం 311 కాదు, బయటికొచ్చేసి 911కే చెయ్యండి. ముందు ఓ థర్మామీటర్ కొనండి. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా హీట్ సీజన్, పొద్దున 6 నుంచి రాత్రి 10 మధ్య బయట 55 కంటే తగ్గితే ఇంట్లో కనీసం 68 ఉండాలి, రాత్రి 10 దాటాక పొద్దున 6 దాకా బయట ఎంతున్నా సరే లోపల 62 (ఫారెన్‌హీట్ అండోయ్). టైమ్ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

బ్రాంక్స్_బాబాయ్:
యాప్‌లోనైనా ఇవ్వొచ్చమ్మా. బిల్డింగ్ మొత్తానికా మీ ఇంటికేనా అని అడుగుతుంది, పక్కింటి వాళ్ళని కనుక్కుని మరీ పెట్టు. మొత్తానికైతే పేరు లేకుండా కూడా ఇవ్వొచ్చు, మీ ఒక్కరికే అయితే ఫ్లాట్ నంబర్, ఫోన్ ఇవ్వాల్సిందే. కంప్లైంట్ ఇచ్చారని ఓనర్ కక్ష తీర్చుకోడానికి చట్టం ఒప్పుకోదు, మీ ఆయనకి చెప్పు.

అసలు సంగతి ఇది. కంప్లైంట్ హౌసింగ్ డిపార్ట్‌మెంట్‌కి, అంటే హెచ్‌పీడీకి వెళ్తుంది, వాళ్ళు ముందు ఓనర్ తరఫు వాళ్ళకి చెప్పి తర్వాత మనకి ఫోన్ చేసి హీట్ వచ్చిందా అని అడుగుతారు, వచ్చిందంటే అంతటితో క్లోజ్, రాలేదంటేనే ఇన్‌స్పెక్టర్. మా మామగారు ఆ ఫోన్ ఎత్తి, అర్థం కాకపోయినా మర్యాదకి యెస్ యెస్ అన్నారు. అయిపోయింది. మళ్ళీ మొదట్నుంచి. అందుకే తెలియని నంబరైనా నువ్వే ఎత్తు.

ఎడిసన్_వాసి:
మా న్యూజెర్సీ నుంచి 311 నొక్కితే అక్కడికి పోతుందా? మా చెల్లి బ్రూక్లిన్‌లో ఉంటుంది, దానికీ ఇదే గోల.

చలిపులి:
పోదు, ఏ ఊరి 311 ఆ ఊరిదే. 1996లో బాల్టిమోర్‌లో 911 మీద భారం తగ్గించడానికి మొదలెట్టారు, న్యూయార్క్‌కి 2003లో వచ్చింది. సిటీ బయట్నుంచి అయితే 212-639-9692. ఇంగ్లిష్‌తో ఇబ్బందైతే తెలుగు అని అడగమనండి, 175కి పైగా భాషలకి సాయం ఉందంటారు, కాకపోతే మనిషి లైన్లోకి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

క్వీన్స్_కొత్త:
థాంక్యూ అండి అందరికీ. మా పై ఫ్లోర్ వాళ్ళకీ లేదట, బిల్డింగ్ మొత్తానికి అనే పెట్టాను, సర్వీస్ రిక్వెస్ట్ నంబర్ వచ్చింది. రాత్రి 11కి ఇంట్లో 58 ఉంది, ఫోటో తీశా. బాబాయ్ గారి కథ వినిపిస్తే అమ్మ పగలబడి నవ్వింది, ఇప్పుడు ఫోన్ పక్కన కూర్చుని నో హీట్, నో హీట్ అని ప్రాక్టీస్ చేస్తోంది.