టోక్యోలో ఎవరూ పలకరించరు: అది మర్యాదా, పట్టనితనమా?

గోదారిగట్టు:
మా అబ్బాయి టోక్యోలో నెరిమా అనే పేటలో ఉంటాడు. నేను, మా ఆవిడ తొమ్మిది రోజులు వాడి దగ్గరుండి మొన్ననే రాజమండ్రి వచ్చాం. రిటైరైన టీచర్ని, చూసింది చూసినట్టు చెబుతాను.

ఊరు అద్దంలా ఉంది, కాదనను. కానీ రైలు నిండా జనం, ఒక్క గొంతూ వినపడదు. మా ఆవిడ ఫోను మోగితే మా వాడు గబుక్కున లాక్కుని నొక్కేశాడు. ఎవరూ ఏమీ అనలేదు, తల తిప్పి కూడా చూడలేదు. వాడి ముఖం మాత్రం పాలిపోయింది. అసాకుసా గుడి దగ్గర తిన్న అరటిపండు తొక్క సాయంత్రం దాకా జేబులో పెట్టుకు తిరిగాను, దారిలో ఒక్క చెత్తబుట్ట కనిపించలేదు.

ఒకరోజు వాడు ఆఫీసుకెళ్ళాక మేమిద్దరమే షింజుకు స్టేషన్లో తప్పిపోయాం. బయటికి 200కు పైగా దారులట. ముప్పావుగంట తిరిగి, సూటు వేసుకున్న ఒకాయనకు ఫోన్లో అడ్రసు చూపించాం. ఆయన తన పని మానుకుని పది నిమిషాలు మాతో నడిచి, సరైన దారి దగ్గర వదిలి, నడుం వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు. ఆ పది నిమిషాల్లో మీది ఏ దేశం అని కూడా అడగలేదు. తొమ్మిది రోజుల్లో ఎవరూ అడగలేదు. అంత మంచి మనిషికి మేమెవరమో తెలుసుకోవాలని ఎందుకు అనిపించలేదు? నాకైతే ఇది పట్టనితనమే అనిపించింది.

నిషికసాయి_నివాసి:
మాస్టారూ, పదకొండేళ్ళుగా ఇక్కడున్నాను. తొమ్మిది రోజులు చూసి ఊరికి మనసు లేదని ఎలా తేల్చేస్తారు?

1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే ముఠా, జనం ఆఫీసులకు వెళ్ళే వేళ సబ్‌వే రైళ్ళలో సారిన్ విషం వదిలింది. ఆ తర్వాత, వాటిలో ఎవరైనా ఏదైనా దాచిపెడతారన్న భయంతో స్టేషన్లలో, వీధుల్లో చెత్తబుట్టలు తీసేస్తూ వచ్చారు. ఎవరి చెత్త వాళ్ళు ఇంటికి పట్టుకెళతారు.

రైల్లో మౌనం అంటారా? నేనెక్కే తోజాయ్ లైను కోవిడ్‌కి ముందు, పొద్దున పూట కిబా స్టేషన్ దాటాక, పట్టాల్సినవాళ్ళకి దాదాపు రెట్టింపు మందితో నడిచేది. పక్కవాడి ఊపిరి మన మెడకి తగులుతుంది. అలాంటి చోట పక్కవాడికి మనం చేయగలిగిన మేలు నోరు మూసుకుని ఉండటమే.

ఇక్కడ చాలా వీధులకు పేర్లుండవు. పేట, బ్లాకు, ఇంటి నంబరు, అంతే. నోటితో దారి చెప్పడం కష్టం కాబట్టి ఆయన తోడొచ్చాడు. ఊరూ పేరూ అడక్కుండా సాయం చేసిన మనిషిలో తప్పు వెతుకుతున్నారు మీరు.

పల్నాడు_బుల్లోడు:
1995లో జరిగిందానికి ఇప్పటిదాకా బుట్టలు లేకపోతే ఎలా? పెద్దాయన తొక్క జేబులో పెట్టుకు తిరగాలా? దీనికి జవాబు చెప్పండి.

తొలిప్రయాణం:
వచ్చే నెల వెళుతున్నాం. మెట్రో కార్డు, శాకాహారం సంగతి ఎవరైనా చెప్పగలరా?

వైజాగ్_అల:
సూయికా కార్డు తీసుకోండి, ఐఫోన్ ఉంటే వాలెట్‌లోనే పెట్టుకోవచ్చు. సూపులు అడిగి తాగండి, చాలావాటిలో దాషి వేస్తారు, అది ఎక్కువగా చేపతో చేసేదే.

అసలు విషయంలో నేను మాస్టారి పక్షం. నకానోలో మూడేళ్ళు ఒంటరిగా ఉన్నాను. ఒకసారి జ్వరంతో నాలుగు రోజులు లేవలేదు. గోడ అవతలావిడ దగ్గితే నాకు వినపడేది, నా దగ్గు ఆవిడకీ వినపడే ఉంటుంది. నాలుగో రోజు తలుపు తీస్తే హ్యాండిల్‌కి సంచి వేలాడుతోంది. లోపల చల్లటి డ్రింకు సీసా, చీటీ కూడా లేదు. ఆవిడే పెట్టి ఉంటుంది. బెల్ నొక్కి ఉంటే చాలు కదా, ఆ సీసా కూడా నాకక్కర్లేదు.

నిషికసాయి_నివాసి:
సీసా పెట్టినావిడను పట్టుకుని బెల్ నొక్కలేదంటారేంటండీ. మీరు నిద్రపోతున్నారేమో, లేపకూడదు అనుకుని ఉంటుంది.

గోదారిగట్టు:
బాబూ, మన రైల్లో విజయవాడ నుంచి రాజమండ్రి వచ్చేలోపు ఎదుటి సీటువాళ్ళ పిల్లల పేర్లు తెలుస్తాయి, పులిహోర పొట్లం చేతికొస్తుంది. మీది ఏ ఊరు అని అడిగితేనే కదా మనిషికి మనిషి దగ్గరయ్యేది! అది మర్చిపోయినవాళ్ళే అక్కడ హాయిగా ఉంటారు. మా అబ్బాయీ అలాగే అయ్యాడు.

నిషికసాయి_నివాసి:
మర్చిపోయినవాళ్ళు అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేనేదీ మర్చిపోలేదు. 'మీది ఏ ఊరు' తర్వాత ఏం వస్తుందో మీకు తెలుసు. ఊళ్ళో ఎక్కడ? ఇంటిపేరేంటి? చివరికి, 'మీరేమిట్లు?'

ఉద్యోగం వచ్చిన ఏడాది హైదరాబాద్‌లో అద్దె ఇంటికోసం తిరిగాను. ఒక ఇంటావిడ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఎంతో ఆప్యాయంగా కబుర్లు మొదలుపెట్టింది. నాలుగో ప్రశ్నకి నా జవాబు విన్నాక ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశామంది. నేను తాగిన కప్పు సింకులో వేయలేదు, పెరటి గట్టు మీద విడిగా పెట్టింది. నేను చెప్పులు వేసుకుంటూ చూశాను.

మీరు పులిహోర తలుచుకుంటారు, నాకు ఆ కప్పు కనబడుతుంది. ఈ పదకొండేళ్ళలో ఆ నాలుగో ప్రశ్న అడిగిన జపాన్ మనిషి ఒక్కడూ లేడు. దాన్ని మీరు పట్టనితనం అంటే అనండి, నాకు అదే కావాలి.

పల్నాడు_బుల్లోడు:
కులం సంగతి ఇక్కడికెందుకు తెచ్చారు? నేనడిగింది చెత్తబుట్టల గురించి.

వైజాగ్_అల:
మీకు జరిగింది దారుణం. కానీ ఒక్క మాట అడుగుతాను, టోక్యోలో మీకు ఇల్లు తేలిగ్గా దొరికిందా? ఏజెంటు నా ముందే ఓనర్లకు ఫోన్లు చేశాడు. మొదటి మాట 'గైకోకుజిన్', అంటే విదేశీయురాలు, పర్వాలేదా అని. నలుగురు వద్దన్నారు. వాళ్ళూ అడుగుతారండీ. మనల్ని కాదు, మన గురించి.

నిషికసాయి_నివాసి:
నాకూ అయింది, ఆరు చోట్ల. దాచను. చివరికి యూఆర్ అనే ప్రభుత్వ గృహ సంస్థ వాళ్ళ అపార్టుమెంటు దొరికింది, వాళ్ళు జామీనుదారుణ్ణి అడగరు. మనవాళ్ళు ఇంతమంది ఈ నిషికసాయి పేటకే చేరడానికి అదీ ఒక కారణం.

అయినా రెండూ ఒకటి కాదు. గైకోకుజిన్ అన్నది నా పాస్‌పోర్టుని. ఆ కప్పు పక్కన పెట్టింది నన్ను.

గోదారిగట్టు:
రాత్రి మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు బడిలో చేరిన ప్రతి పిల్లాడినీ 'ఏ ఊరు రా, ఎవరబ్బాయివి రా' అని అడిగాను. ప్రేమతోనే అడిగాను. ఎవరు తలదించుకున్నారో చూసుకోలేదు. అది నా తప్పే.

కానీ నా భయం నాకుంది. వచ్చేముందు రాత్రి మా ఆవిడ అడిగింది, ఒంట్లో బాగోకపోతే పక్కింట్లో ఎవరికి చెబుతావురా అని. 119కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుందమ్మా అన్నాడు. అది కాదు, పక్కింట్లో ఎవరుంటారు అని మళ్ళీ అడిగింది. వాడికి తెలియదు. అదే ఇంట్లో ఆరేళ్ళుగా ఉంటున్నాడు.

బాబూ, నెరిమా మీకు ఎంత దూరం?

నిషికసాయి_నివాసి:
రైల్లో గంట పడుతుంది మాస్టారూ. నా నంబరు మీకు విడిగా మెసేజ్ పెట్టాను, మీ అబ్బాయికి ఇవ్వండి. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను, భోజనానికి రమ్మనండి. తొమ్మిది రోజుల గురించి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.